సముద్రం ఒడ్డున మా వాగు చెలిమె

పటాన్‌చెరు చౌరస్తాలో నిలబడి ఎటు బయలుదేరినా, సముద్రం కనపడాలంటే ఒక రాత్రంతా బస్సులో కూర్చోవాలి. అలాంటి చోట మా కంపెనీవాళ్లు సముద్రపు నీళ్లను మంచినీళ్లుగా మార్చే మిషన్ తయారు చేశారు. దాన్ని మాల్దీవుల్లో ఒక చిన్న దీవిలో బిగించి రమ్మని నన్ను పంపారు. నేను ఫిట్టర్ మల్లేశాన్ని. అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్లు, సముద్రాన్ని క్యాలెండర్ల మీద తప్ప చూసినవాణ్ని కాదు. తొంభైల చివర్లో చేసిన ఈ ప్రయాణం గురించి మా షిఫ్టు బస్సులో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ ఒకరిద్దరు నిద్రపోయారు. కాగితం మీద పెడితే, చదివేవాళ్లు నిద్రపోయినా నాకు కనపడదు కదా అని రాస్తున్నాను.

ముందు ఈ మిషన్ సంగతి చెప్పాలి. మన దేశం, మాల్దీవులు, చుట్టుపక్కల ఇంకో ఐదు దేశాలు కలిసి ఒక కూటమి పెట్టుకున్నాయి. ఇరుగుపొరుగు అన్నాక ఇచ్చిపుచ్చుకోవడాలు ఉంటాయి కాబట్టి, మన సర్కారు ఆ దీవికి ఒక మంచినీళ్ల మిషన్ ఇస్తానంది. ఆ ఆర్డరు ఢిల్లీలో బయలుదేరి, తిరిగి తిరిగి పటాన్‌చెరు పక్కన పాశమైలారంలో మా రేకుల షెడ్డుకు ఎలా చేరిందో మా ఎండీ గారికే తెలియాలి.

ఇంట్లో చెబితే మా అమ్మ చేటలో బియ్యం చెరగడం ఆపింది. "మన బోరు నీళ్లు నోట్ల వోసుకుంటె ఉమ్మేస్తం. నువ్వు వొయ్యి ఆళ్లకు మంచినీళ్లు ఇస్తవారా?" అంది. మా ఊరు భానూరు దాటాక వాగు పక్కన ఉంటుంది. తాగే నీళ్లు ట్యాంకర్లో రోజు విడిచి రోజు వస్తాయి. నేను బ్యాగు సర్దుకున్నాను.

ఉప్పు బస్తాల సముద్రం

పంపే ముందు మిషన్‌ను పరీక్షించాలి. పరీక్షకు సముద్రం కావాలి. పాశమైలారంలో దొరకని రసాయనం లేదు గానీ సముద్రం ఒక్కటి దొరకదు. ఉపాయం చెప్పింది మా సూపర్‌వైజరు వెంకట్రావు గారు. ఆయనది బందరు దగ్గర పల్లె. వయసులో ఉన్నప్పుడు ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి, ఇల్లు కట్టుకుని, రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక మా కంపెనీలో చేరారు. "సముద్రమంటే ఏముందయ్యా, నీళ్లూ ఉప్పూ. కలిపితే అయిపోయె" అన్నారు.

నాలుగు బస్తాల దొడ్డుప్పు తెప్పించాం. కిరాణా దుకాణం సేటు, ఇన్ని మామిడికాయలు ఎక్కడ కొన్నారని అడిగాడు. ట్యాంకరు నీళ్లలో ఉప్పు పోసి నేను కట్టెతో కలుపుతుంటే, వెంకట్రావు గారు వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఇది ఇంకా బందరు కాలేదు, మరో పది కిలోలు పొయ్యమనేవారు. బందరు అయ్యాక మిషన్ నడిపాం. అటు పక్క గొట్టంలోంచి తియ్యటి నీళ్లు వచ్చాయి. అందరం చప్పట్లు కొట్టాం. సముద్రంలో నీళ్లూ ఉప్పూ కాక మరేమైనా ఉంటాయేమోనని ఎవరికీ తోచలేదు.

మాలే: ఒక పూట

మిషన్ ముందే ఓడలో వెళ్లిపోయింది. వెంకట్రావు గారూ నేనూ రైల్లో తిరువనంతపురం చేరి, అక్కడ విమానం ఎక్కాం. నా బ్యాగులో అమ్మ పెట్టిన చింతకాయ తొక్కు, వెంకట్రావు గారి బ్యాగులో వాళ్లావిడ పెట్టిన ఆవకాయ. సరిహద్దులు దాటుతున్నా ఏది గొప్పదని మా ఇద్దరి మధ్య తగువు మాత్రం తెగలేదు. పై నుంచి చూస్తే ఆ దీవులు, అమ్మ ముగ్గు వేయబోయి చుక్కలు పెట్టి మరిచిపోయినట్టు ఉన్నాయి.

రాజధాని మాలేలో పడవ కోసం ఒక పూట ఆగాం. ఊరంతా గంటలో నడిచి రావచ్చు. బజార్లో ఉల్లిగడ్డలు చూసి చుట్టాన్ని చూసినట్టు దగ్గరికి వెళ్లాను. మన దేశం నుంచే వచ్చాయట, పడవెక్కి వచ్చినందుకు మూడింతలు ధర పలుకుతున్నాయి. ఒక నీళ్ల సీసా మన డబ్బుల్లో ముప్పై రూపాయలు. ఆ డబ్బుకు పటాన్‌చెరు హోటల్లో ఇద్దరం కడుపునిండా అన్నం తినేవాళ్లం. దుకాణాయన హిందీలో పలకరించాడు. అక్కడ అందరికీ హిందీ కొద్దో గొప్పో వచ్చు. వాళ్ల హిందీ సినిమాల్లోంచి వచ్చింది, నాది పటాన్‌చెరు అడ్డా మీద నుంచి వచ్చింది. వాళ్లు హీరోల్లా మాట్లాడితే నేను ఆటోడ్రైవరులా జవాబిచ్చేవాణ్ని. అయినా పని జరిగిపోయింది.

పడవలో బందరు పరువు

దీవికి తీసుకెళ్లే పడవను అక్కడ దోనీ అంటారు. తెల్లారి ఎక్కితే మధ్యాహ్నం దాటాక దిగాలి. ఎక్కే ముందు వెంకట్రావు గారు నాకు జాగ్రత్తలు చెప్పారు. అంచున కూర్చోకు, దూరంగా చూడు, భయపడకు, సముద్రం సంగతి నన్నడుగు, మా తాతల నాటి నుంచీ మాకిది పెరడు అన్నారు.

ఒడ్డు కనుమరుగవగానే పెరడు ఆయన్ని పట్టుకుంది. పొద్దున తిన్నదీ, నిన్న తిన్నదీ, నా అనుమానం బందరులో తిన్నది కూడా బయటికి వచ్చింది. నీళ్లంటే చెరువూ వాగూ తప్ప ఎరగని నేను, ఆయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పడవ నడిపే ముసలాయన ఒక నిమ్మకాయ కోసి ఇచ్చి, ఈ పెద్దాయన మొదటిసారి వస్తున్నాడా అని అడిగాడు. నేను అవునన్నాను. వెంకట్రావు గారు కళ్లు తెరవకుండానే, అది సముద్రం వల్ల కాదు, డీజిల్ వాసన వల్ల అన్నారు. తిరిగొచ్చాక కూడా ఆయన అదే మాట మీద ఉన్నారు.

నీలం డ్రమ్ము

దీవి చివర నుంచి చివరకు నడిస్తే ఇరవై నిమిషాలు. మట్టి లేదు, అంతా తెల్ల ఇసుక. బండ్లు లేవు, సైరన్లు లేవు. పొద్దున్నే ఆడవాళ్లు బజారంతా ఊడుస్తారు. దిగిన దగ్గర్నుంచీ నాకు ఏదో తక్కువైనట్టు అనిపించి, ఏమిటా అని ఆలోచిస్తే, గాలికి వాసన లేదు. బొల్లారం మీదుగా పోయే బస్సులో కళ్లు మూసుకుని, ఏ కంపెనీ గేటు దాటామో ముక్కుతో చెప్పగలిగినవాణ్ని. ఇక్కడ నా ముక్కుకు పని లేకుండా పోయింది.

దీవి పెద్దను కతీబ్ అంటారు. మాకు బస ఆయనింట్లోనే. ఆయన చెల్లెలు ఆమినత్ ఆ ఇంటిని నడుపుతుంది. నలభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడుతుంది. నేను ఆపా, అంటే అక్కా, అని పిలిచాను.

మా దగ్గర బయటి నుంచి వచ్చిన మనిషి వాకిట్లో గోలెం దగ్గర ఆగుతాడు. గోలెం అంటే గడప పక్కన ఉండే పెద్ద నీళ్ల తొట్టి. చెంబుతో ముంచుకుని కాళ్లూ ముఖమూ కడుక్కుని, పుక్కిలించి, అప్పుడు లోపలికి పోతాడు. అలా చేయకపోతే మా అమ్మ ఎంతటి చుట్టాన్నయినా వెనక్కి తిప్పుతుంది. కతీబ్ గారి గడప పక్కన ఒక నీలం డ్రమ్ము, మూత మీద బోర్లించిన గ్లాసు కనిపించాయి. మర్యాద తెలిసిన ఇల్లు అనుకున్నాను. కాళ్లకు నాలుగైదు గ్లాసులు పోసుకున్నాను, ముఖానికి రెండు. పుక్కిలించి ఇసుకలో ఉమ్మాను. వెంకట్రావు గారి చొక్కా మీద పడవ తాలూకు గుర్తులు ఉంటే, డ్రమ్ము వంచి మరీ శుభ్రంగా కడిగాను. తల ఎత్తి చూస్తే వాకిట్లో అందరూ మాటలు ఆపి నన్నే చూస్తున్నారు. ఆమినత్ లోపలికి వెళ్లి రెండు కొబ్బరి బోండాలు తెచ్చిచ్చింది.

మర్నాడు పొద్దున ఆమె చేతిలో క్యానుతో పక్కింటికి వెళ్లడం చూశాను. విషయం కతీబ్ గారు నవ్వుతూ చెప్పారు. పెరట్లో బావి ఉంది గానీ ఆ నీళ్లు ఉప్పెక్కిపోయాయి, కడుక్కోవడానికే పనికొస్తాయి. తాగడానికి వాననీళ్లే గతి. మసీదు దగ్గర పెద్ద తొట్టిలో పట్టి, ఇంటికి ఇంతని పంచుకుంటారు. ఆ ఏడు వానలు వెనకపడ్డాయి. తొట్టిలో ఇంకో రెండు వారాలకు సరిపడా ఉన్నాయేమో. నేను నా కాళ్లకూ ఒక వాంతి చొక్కాకూ పోసింది ఆ ఇంటి నాలుగు రోజుల వాటా.

ఆయన నవ్వారు గానీ నాకు నవ్వు రాలేదు. బిందె కోసం ట్యాంకరు వెనక పరుగెత్తే ఊరివాణ్ని నేను. ఇంకొకరి తాగే నీళ్లు ఇసుకలో పోశానంటే తల తీసి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వంటింటి గడప దగ్గర నిలబడి ఆమినత్‌తో నాకు తెలిసిన హిందీలో తప్పైపోయిందని చెప్పాను. ఆమె కొబ్బరి కోరుతూ తల ఎత్తకుండా అంది: "మీరు నీళ్లు తెచ్చే మనుషులు. మీ కాళ్లకు నీళ్లు పోసుకుంటే పోసుకున్నారు. ఆ మిషన్ నడిపించి వెళ్లండి, చాలు."

ఆ రోజు నుంచి వాళ్ల నీళ్లు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. దాహమేస్తే కొబ్బరి బోండాం, భోజనానికి ముందు కొబ్బరి బోండాం, మాత్ర మింగడానికీ కొబ్బరి బోండాం. మూడో రోజుకు కొబ్బరి చెట్టు ఎదురొస్తే ముఖం తిప్పుకునే స్థితికి వచ్చాను. ఆ దీవిలో ఎటు తిప్పినా కొబ్బరి చెట్టే.

చేపా, చింతకాయ తొక్కూ

తిండి మాత్రం బాగా కుదిరింది. పొద్దున్నే ఉడికించిన చేపను కొబ్బరి కోరు, ఉల్లిగడ్డ, మిరపకాయతో నలిపి రొట్టెలో పెట్టి ఇస్తారు. పొద్దున్నే చేపలా అని మొదటి రోజు అనుకున్నాను, రెండో రోజు ఇంకో రొట్టె అడిగాను. మధ్యాహ్నం అన్నంలోకి చేప ఉడికిన తేట నీళ్లు పోస్తారు. మన చారు లాంటిదే, పులుపు ఒక్కటే తక్కువ. నేను తొక్కు డబ్బా తీశాను, వెంకట్రావు గారు ఆవకాయ తీశారు. కతీబ్ గారు రెండూ రుచి చూసి, రెండు దేశాల మధ్య తీర్పు చెప్పేవాడిలా చాలాసేపు ఆలోచించి, రెండూ బాగున్నాయన్నారు. అయితే తొక్కు రెండోసారి వేసుకున్నారు. ఆ సంగతి పాశమైలారం షెడ్డులో నేటికీ చర్చకు వస్తుంది.

నిజం సముద్రం

మిషన్ బిగించడానికి రెండు రోజులు పట్టింది. రెండు దేశాల అధికారులు ఎనిమిదో రోజు పడవలో వచ్చి దాన్ని ప్రారంభిస్తారు. మూడో రోజు మేము గొట్టం సముద్రంలో వేసి మీట నొక్కాం. అరగంట నడిచి ఆగిపోయింది. విప్పి చూస్తే లోపల నీళ్లు వడకట్టే జల్లెడ క్యాండిళ్ల నిండా ఇసుక, నాచు, ఒక చిన్న పీత. పీత బతికే ఉంది. మేము బస్తాల ఉప్పుతో చేసిన సముద్రంలో పీత వేయడం మరిచిపోయాం.

కొత్త క్యాండిళ్లు వేశాం, మళ్లీ నిండిపోయాయి. గొట్టానికి గుడ్డ కట్టాం, గుడ్డ కొట్టుకుపోయింది. ఐదో రోజు సాయంత్రానికి తెచ్చుకున్న పన్నెండు క్యాండిళ్లలో రెండు మిగిలాయి. కొత్తవి కావాలంటే పాశమైలారం నుంచి రావాలి. ప్రారంభోత్సవం రోజుకు నీళ్లు రాకపోతే అధికారులు వెళ్లిపోతారు, మిషన్ మీద టార్పాలిన్ కప్పుతారు, ఇక అది తుప్పు పట్టేదాకా అంతే. పరాయి ఊళ్లకు ఇచ్చిన మిషన్లు అలా ఉండిపోవడం వెంకట్రావు గారు చూశారట. నాకు మాత్రం అధికారుల కంటే, తెల్లారగానే క్యాను పట్టుకుని పక్కింటికి వెళ్లే ఆమినత్ గుర్తొచ్చేది.

ఆరో రోజు పొద్దున ఒడ్డున కూర్చుని ఊరికే చేత్తో ఇసుక తవ్వుతున్నాను. మోచేతి లోతు వెళ్లగానే నీళ్లు ఊరాయి. దోసిట్లోకి తీసుకుని చూస్తే ఉప్పే గానీ, అద్దంలా తేటగా ఉన్నాయి. అప్పుడు మా వాగు గుర్తొచ్చింది. వెంకట్రావు గారిని పిలుచుకొచ్చాను.

"సార్, మా ఊర్ల వాగు పారుతుంటె గూడ అండ్లకెళ్లి ముంచుకోకపోతుంటిమి. జెర ఇవతల ఇసుకల చెలిమె తీస్తుంటిమి. ఊరిన నీళ్లు తాగుతుంటిమి. గొట్టం సముద్రంల గాదు, చెలిమెల ఎయ్యాలె."

"సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ని నేను. ఇసుకలో గుంత తీస్తే పీతలొస్తాయి గానీ మిషన్‌కు చాలినన్ని నీళ్లెక్కడ వస్తాయయ్యా" అన్నారు ఆయన.

"పడవల జూసిన గద సార్ మీ సముద్రం" అన్నాను. ఆయన వెళ్లి పార తెచ్చారు.

కతీబ్ గారు కబురు చేస్తే దీవి దీవంతా వచ్చింది. నీళ్ల అంచు నుంచి పదిహేను అడుగులు ఇవతల, మనిషి లోతు గుంత తవ్వి, చిల్లులు పొడిచిన డ్రమ్ము దించాం. ఆమినత్ చీపుర్లు పట్టే ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకొచ్చి ఇసుక ఎత్తించింది. మధ్యాహ్నానికి గుంత నిండా తేట నీళ్లు. నేను మీసం మెలేసుకునే లోపే, చూస్తుండగానే నీళ్లు కిందికి దిగిపోయి గుంత ఎండింది. ఆటుపోట్ల సంగతి నాకేం తెలుసు, మా వాగుకు అవి లేవు. ఈసారి వెంకట్రావు గారు మీసం మెలేశారు. ఆటు వేళకు కూడా నీళ్లు నిలవాలంటే ఇంకో మూడడుగులు దించాలని లెక్క చెప్పింది ఆయనే. ఏడో రోజంతా దించాం. సాయంత్రం మీట నొక్కితే మిషన్ ఆగకుండా నడిచింది. గొట్టం కింద మొదటి గ్లాసు పట్టి ఆమినత్‌కు ఇచ్చాను. ఆమె ఒక గుక్క తాగి, గ్లాసు నాకే తిరిగిచ్చింది. వారం తర్వాత నేను తాగిన మొదటి మంచినీళ్లు అవి. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

కతీబ్ గారి ప్రశ్న

ఆ తవ్వకం మధ్యలో నీడకు కూర్చున్నప్పుడు, ఈ విద్య ఎక్కడ నేర్చావని కతీబ్ గారు అడిగారు. చిన్నప్పుడు అమ్మతో బిందె పట్టుకుని వాగుకు వెళ్లేవాణ్నని చెప్పాను. ఇప్పుడూ ఆ నీళ్లే తాగుతారా అన్నారు. లేదన్నాను. చుట్టూ కంపెనీలు వచ్చాక వాగు రంగు మారింది, చెలిమె తీస్తే నురగ వస్తుంది, చేతులు దురద పెడతాయి. మరి ఇలాంటి మిషన్ ఒకటి మీ ఊళ్లో పెట్టుకోకపోయారా అని ఆమినత్ అడిగింది. ఇది ఉప్పును తీసే మిషన్ ఆపా, మా వాగులో ఉన్నవాటికి మాకు పేర్లు కూడా తెలియవు అన్నాను. అన్నా చెల్లెళ్లు వాళ్ల భాషలో ఏదో మాట్లాడుకున్నారు. నేను పార అందుకున్నాను.

ప్రసంగాలు

ఎనిమిదో రోజు అధికారులు దిగారు. మన అధికారి పెద్ద పొరుగు, చిన్న పొరుగు అంటూ మాట్లాడారు. వాళ్ల అధికారి సముద్రం మనల్ని విడదీయదు, కలుపుతుంది అన్నారు. పడవలోంచి ఆయన దిగిన తీరు చూస్తే సముద్రం ఆయన్ని కూడా కాస్త విడదీసినట్టే ఉంది. కూటమి గురించి ఇద్దరూ చాలాసేపు చెప్పారు. జనం బిందెలు, క్యాన్లు పట్టుకుని ఎండలో నిలబడి విన్నారు. చెలిమె మాట ఎవరూ ఎత్తలేదు, దాని మీద అప్పటికే కొబ్బరి మట్టలు కప్పి, ముందు కుర్చీలు వేశారు.

మర్నాడు మా పడవ. బయలుదేరే ముందు ఆఖరిసారి కతీబ్ గారింటికి వచ్చేసరికి, నీలం డ్రమ్ము అంచు దాకా నిండి ఉంది. ఆమినత్ గ్లాసు నా చేతికిచ్చి, కాళ్లు కడుక్కుని లోపలికి రమ్మంది. నేను ఒక గ్లాసు ముంచి వేళ్లు తడిపి ఊరుకున్నాను. ఆమె ఇంకా అంది. ఇంకో గ్లాసు పోసుకున్నాను. ఇంకా అంది. రెండు కాళ్లూ మడమల దాకా కడుక్కుని, మా ఇంట్లో అడుగుపెట్టినట్టే లోపలికి వెళ్లాను.

ఉత్తరం

వచ్చిన నాలుగు నెలలకు కంపెనీ చిరునామాకు కతీబ్ గారి ఉత్తరం వచ్చింది, ఇంగ్లీషులో. వెంకట్రావు గారు చదివి వినిపించారు. మిషన్ బాగా నడుస్తోంది. గుంతకు పిల్లలు నా పేరు పెట్టారు. చింతకాయ తొక్కు అయిపోయింది. ఆఖరున ఇలా ఉంది: మీ ఊరి నీళ్ల విషయం మా దీవి కమిటీలో మాట్లాడుకున్నాం. మీ దేశం మాకిచ్చింది, ఇప్పుడు మా వంతు. మీ వాగుకు సాయం చేయాలని ఏడు దేశాల కూటమిలో అడగమని మా ప్రభుత్వానికి అర్జీ పెట్టాం, దీవిలో అందరూ సంతకాలు చేశారు. చూడటానికి మా మనుషులు ఎప్పుడైనా రావచ్చు.

వెంకట్రావు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, డీజిల్ పొగ అన్నారు. షెడ్డులో అప్పుడు ఏ ఇంజనూ నడవడం లేదు.

ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పాను. ఇంత పెద్ద దేశానికి అంత చిన్న దీవి సాయం చేస్తుందట అని నవ్వాను. అమ్మ నవ్వలేదు. వాకిట్లో గోలెం వైపు చూసింది. అందులో బోరు నీళ్లు పచ్చగా నిలిచి ఉన్నాయి.

"అంత దూరంకెల్లి వస్తరు. కాళ్లకు గీ నీళ్లు ఇస్తమారా?" అంది.

అర్జీ ఏ బల్ల మీద ఉందో నాకు తెలియదు. ఇప్పటివరకూ ఎవరూ రాలేదు. కానీ ఆ రోజు నుంచి ట్యాంకరు వచ్చినప్పుడల్లా అమ్మ ఒక బిందె మంచినీళ్లు పట్టి, గడప పక్కన పెట్టి మూత వేస్తుంది. పాతవి చెట్టుకు పోసి కొత్తవి నింపుతుంది. మాకు తాగడానికి చాలకపోయినా దాన్ని ముట్టనివ్వదు. వాళ్లు వస్తే కాళ్లకట.